ఫెయిగా పిన్ని వయసు

2022 నవంబర్. టొరంటో ఉత్తరాన యూదుల కమ్యూనిటీ సెంటర్ ఒకటి ఉంది. దాని రెండో అంతస్తులో, కింది ఈతకొలను క్లోరిన్ వాసన వచ్చే కారిడార్ చివర, మా స్టడీకి వారానికి మూడు రోజులు ఒక చిన్న గది ఇచ్చారు. ఒక టేబుల్, మూడు కుర్చీలు, శాంపిల్స్ పెట్టుకునే ఒక పెట్టె. నేను అక్కడ క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌ని. పేరు పెద్దదే కానీ పని చెబితే అర్థమైపోతుంది. పరిశోధనలో పాల్గొనడానికి వచ్చినవాళ్ళకు కాగితాలు చదివి వినిపించి, ఇష్టపడితే సంతకం చేయించి, ప్రశ్నలు అడిగి రాసుకుని, శాంపిల్ తీసుకుని ల్యాబ్‌కు పంపడం. గుంటూరులో ఫార్మసీ చదివి, ఇక్కడి కాలేజీలో ఒక డిప్లొమా చేసి, ఆ ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడు నెలలు.

మనుషులతో మాట్లాడటం నాకు చిన్నప్పటినుంచీ కష్టం. ఫోన్ చేయాలంటే ముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుంటాను. అలాంటిదాన్ని రోజంతా కొత్తవాళ్ళను వాళ్ళ ఇంటి చావుల గురించి అడిగే పనిలో ఎలా పడ్డానో నాకే తెలియదు. చేతిలో ఫారం ఉంటే ధైర్యంగా ఉంటుంది. ప్రశ్న నాది కాదు, ఫారానిది అనిపిస్తుంది.

మా స్టడీ రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వంశంలో దిగే తీరు మీద. తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదు కుటుంబాలు వందల ఏళ్ళపాటు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల, జన్యువుల్లో మూడు మార్పులు వాళ్ళలో ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని ఫౌండర్ మ్యుటేషన్స్ అంటారు. కుటుంబంలో ఎవరికీ ఆ జబ్బు లేదన్నవాళ్ళకు ల్యాబ్ ఆ మూడు చోట్లే చూస్తుంది. చిన్న వయసులో ఎవరికైనా వచ్చిందంటే మాత్రం జన్యువులను మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. దాన్ని ఫుల్ ప్యానెల్ అంటారు. ఎవరికి ఏది చేయాలన్నది నేను రాసిన కుటుంబ చరిత్ర మీద ఆధారపడుతుంది. ఇక్కడ చెప్పబోయే కథంతా అందులోని ఒక గీత గురించి. పేర్లు మార్చాను. అయితే ఇది పేర్ల మీదే నడిచిన కథ కాబట్టి, ఎవరి పేరు ఎవరికి వచ్చిందన్న వరస మాత్రం అలాగే ఉంచాను.

పెర్ల్ గారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. మా గదికి ఎదురుగా కారిడార్ గోడ మీద పాత ఫోటోల ప్రదర్శన ఉండేది. స్పడైనా వీధి కుట్టు కార్ఖానాలు, కెన్సింగ్టన్ మార్కెట్‌లో కోళ్ళ దుకాణాలు, వేసవి పిక్నిక్‌లు. ఆ ఫోటోల్లో ఎవరెవరున్నారో గుర్తుపట్టి కింద చీటీలు రాసే వాలంటీర్ ఆవిడ. ఒకరోజు చీటీలన్నీ అయిపోయాయి కాబోలు, తిన్నగా మా గదిలోకి వచ్చి కూర్చుంది.

"నీ పేరేంటి?"

"సుబ్బలక్ష్మి అండీ. లక్ష్మి అంటే చాలు."

"ఎవరి పేరు పెట్టారు?"

"మా నానమ్మ పేరు."

"అయ్యో పాపం. ఎప్పుడు పోయింది?"

"పోలేదండీ. ఒంగోల్లో ఉంది. ఎనభై నాలుగు."

పెర్ల్ గారు కళ్ళజోడు తీసేసింది. "బతికున్న మనిషి పేరు పిల్లకి పెడతారా?" అని గాల్లోకి మూడుసార్లు ఉమ్మినట్టు తూ తూ తూ అంది. "మాలో పోయినవాళ్ళ పేర్లే పెడతాం. మృత్యుదూత చేతిలో లిస్టు ఉంటుంది మేడెలె. పేరు చూసి తలుపు కొడతాడు. ఒకే ఇంట్లో ఇద్దరు సుబ్బలక్ష్ములుంటే? వాడూ ఉద్యోగస్తుడే కదా. ఆరోజు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాడనుకో!"

మేడెలె అంటే వాళ్ళ యిడ్డిష్ భాషలో బుజ్జిపిల్ల. నాకెక్కడినుంచి ధైర్యం వచ్చిందో, "మా ఇంట్లో ఇబ్బంది వేరండీ. మా అమ్మ నన్ను తిట్టాలంటే అత్తగారి పేరు పెట్టి తిట్టినట్టవుతుంది. అందుకే చిట్టి అని పిలుస్తుంది" అన్నాను.

ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మీ అమ్మ మంచిది. నేనైతే ఆ పేరు పెట్టే రోజుకు పదిసార్లు తిట్టేదాన్ని." తర్వాత వేళ్ళ మీద లెక్కపెడుతూ తన ఇంటి పేర్లన్నీ చెప్పింది. తనకు వాళ్ళ అమ్మమ్మ పేరు. చెల్లెలు ఫేయ్‌కి ఫెయిగా పిన్ని పేరు. కూతురు షారన్‌కి తన అమ్మ పేరు, కాస్త కెనడా వేషం వేసి.

ఆ తర్వాత ఫారం తీశాం. కుటుంబ చరిత్రను పెడిగ్రీ అనే బొమ్మగా గీస్తాం. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా, పోయినవాళ్ళకు దాని మీద ఒక అడ్డగీత. పక్కన ఏ వయసులో పోయారో, దేనితో పోయారో రాస్తాం. అమ్మ, నాన్న అయ్యారు. అమ్మ చెల్లెలు ఫెయిగా దగ్గరకొచ్చాం.

"ఈవిడకు క్యాన్సర్ ఏమైనా..."

"లేదు."

"ఎన్నేళ్ళకు పోయారు?"

పెర్ల్ గారు కిటికీవైపు చూసింది. "ఎనభై. ఎనభై అని రాసుకో."

రాసుకున్నాను. 'రాసుకో' అన్న తీరు చెవిలో ఎక్కడో గుచ్చుకుంది. పెద్దావిడ చెబుతుంటే ఎదురు ప్రశ్న వేయడం నాకు చేతకాదు. మొహమాటానికి మర్యాద అని పేరు పెట్టుకుని తర్వాతి గడిలోకి వెళ్ళిపోయాను. కుటుంబంలో క్యాన్సర్: లేదు. ఆవిడ చిన్న గొట్టంలో లాలాజలం నింపి ఇచ్చి, బాదం బిస్కెట్ల డబ్బా నావైపు తోసింది. వెళ్తూ తలుపు దగ్గర ఆగింది.

"షారన్‌కి నలభై నాలుగు. మామోగ్రామ్‌లో సరిగ్గా కనబడటం లేదని డాక్టర్ ఎంఆర్ఐ రాశాడు. ఆ మెషీన్ అంటే దానికి ప్రాణభయం. అమ్మా, నీ రిపోర్ట్ బాగుంటే నాది కేన్సిల్ చేసుకుంటా అంటోంది. కాబట్టి మంచి రిపోర్ట్ ఇవ్వు, సరేనా?"

రిపోర్ట్ మంచిగానే వచ్చింది. మూడు చోట్లా మార్పు లేదు. 'మీ కుటుంబ చరిత్రను బట్టి తదుపరి పరీక్ష అవసరం లేదు' అన్న ఉత్తరాన్ని ఒక బుధవారం నేనే పోస్టులో వేశాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, పంపిన ఉత్తరాల కాపీలు ఫైళ్ళలో పెడుతున్నాను. పెర్ల్ గారి పెడిగ్రీ చేతికొచ్చింది. ఫెయిగా, ఎనభై. దాని పక్క సున్నా ఫేయ్. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియలేదు. ఫైలు మూసి మళ్ళీ తెరిచాను. సంచిలోంచి నా డైరీ తీసి ఆరోజు పేజీ చూశాను. "పోయినవాళ్ళ పేర్లే పెడతారట. చెల్లెలికి పిన్ని పేరు. మృత్యుదూతకు కళ్ళజోడు!" అని నవ్వుకుంటూ రాసుకున్నాను. ఫారంలో అలాంటి విషయానికి గడి లేదు. డైరీలో ఉంది.

పెడిగ్రీలోని వయసుల ప్రకారం ఫేయ్ పుట్టినప్పుడు వాళ్ళ అమ్మకు ముప్పై ఐదు. ఫెయిగా ఆవిడ కంటే రెండేళ్ళు చిన్న. ఫేయ్‌కి ఆ పేరు పెట్టేనాటికి ఫెయిగా బతికి ఉండటానికి వీల్లేదు. అంటే ముప్పై మూడు దాటలేదు. మరి ఎనభై?

గడియారం చూస్తే నాలుగున్నర. నవంబర్‌లో ఇక్కడ ఆ వేళకే చీకటి పడుతుంది. మాట్లాడాల్సింది కాగితం మీద రాసుకోకుండా ఫోన్ చేయడం ఆ ఉద్యోగంలో అదే మొదటిసారి. పెర్ల్ గారి ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించాక షబ్బాత్, అంటే వాళ్ళ వారపు విశ్రాంతి దినం, మొదలు. శనివారం ఆకాశంలో మూడు నక్షత్రాలు కనబడేదాకా ఫోన్ ముట్టుకోనని ఆవిడే చెప్పింది. కవరు చించడం కూడా పనికిందే లెక్క. ఉత్తరం ఈపాటికి చేరి ఉంటుంది. కొవ్వొత్తులు వెలిగించకముందే చించిందా? చించకుండా పెట్టిందా?

మా ప్రాజెక్ట్ మేనేజర్ మార్గరెట్‌కి ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, "చూడు, పార్టిసిపెంట్ చెప్పిందే నువ్వు రాశావ్. ఇది నీ తప్పు కాదు. వీలైనంత త్వరగా ఫోన్ చేసి హిస్టరీ మళ్ళీ వెరిఫై చేయాలని అడుగు. జవాబు నువ్వే అందించకు" అంది. ఒక్క క్షణం ఆగి, "ఇంతకీ ఆ పేరు సంగతి ఎక్కడ రాసుకున్నావ్?" అని అడిగింది. డైరీలో అన్నాను. పది నిమిషాలు చీవాట్లు పెట్టింది. పేరు రాయకపోయినా సరే, పార్టిసిపెంట్ల సంగతులు సొంత పుస్తకాల్లో రాయకూడదు. నాకు తెలియని నియమం కాదు.

నా తప్పు కాదని ఆవిడ అన్నా నాకు ఊరట కలగలేదు. 'రాసుకో' అన్నప్పుడు నాకు ఆ తేడా వినబడింది కదా.

శనివారం మార్కమ్‌లోని మా బేస్‌మెంట్‌లో ఒక్కచోట కూర్చోలేకపోయాను. చదువుతున్న నవలలో అదే పేజీ నాలుగుసార్లు తిప్పాను. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. నా రూమ్మేట్ హర్షితది కరీంనగర్. కాఫీ షాపులో పొద్దున షిఫ్ట్ చేసి వచ్చి నన్ను చూసింది.

"ఏందే, పొద్దుగాల్నుంచి ఆ ఫోన్ దిక్కే చూస్తున్నవ్? పెండ్లిచూపులోళ్ళు ఫోన్ చేస్తమన్నరా?"

"నక్షత్రాల కోసం చూస్తున్నా."

"పగటీలి? ఇగ నీ పని అయిపోయింది. లే, తిందువురా."

తినబుద్ధి కాలేదు. అమ్మకు ఫోన్ చేశాను. అవీ ఇవీ మాట్లాడి, "నానమ్మ చెల్లెలు దేనితో పోయిందమ్మా?" అని అడిగాను.

"ఇప్పుడెందుకే అది? ఏదో కడుపులో నొప్పన్నారు."

"ఏం నొప్పి?"

"ఏమోనే చిట్టీ. అప్పట్లో అలాంటివి బయటికి చెప్పుకునేవాళ్ళా? ఇంట్లో పెళ్ళి కావాల్సిన ఆడపిల్లలున్నారు. ఆ జబ్బు మాట ఎత్తకు, నానమ్మ పక్క గదిలోనే ఉంది." గొంతు తగ్గించేసింది. ఫోన్ పెట్టేశాను. పెర్ల్ గారు కిటికీవైపు చూసిందీ ఇలాంటి ప్రశ్నకే.

సాయంత్రమంతా మబ్బు. ఒక్క చుక్కా కనబడలేదు. షబ్బాత్ ముగిసే వేళ కోసం నెట్‌లో వెతికాను. ఆ నిమిషం దాటాక ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"షవువా టోవ్, వారమంతా నీకు శుభం కలగాలి! నీ కవరు ఇప్పుడే చించాం. షారన్ కూడా ఇక్కడే ఉంది. మంగళవారం ఎంఆర్ఐ కేన్సిల్ చేస్తోంది చూడు, ఫోన్‌లో ఆ బటన్ దొరకట్లేదట." వెనక ఒక ఆడగొంతు నవ్వుతోంది.

"పెర్ల్ గారూ, ఆగండి. మీ కుటుంబ చరిత్ర బొమ్మలో ఒక గీత మళ్ళీ సరిచూడాలి. అది తేలేదాకా ఆ ఉత్తరాన్ని ఫైనల్ అనుకోకండి."

"ఏ గీత?"

"ఫెయిగా గారిది. ఆవిడ వయసు మరోసారి చెప్తారా?"

"ఎనభై అన్నాను కదా."

అక్కడ ఆగి ఉండాల్సింది. మార్గరెట్ చెప్పింది అదే. ఆగలేకపోయాను. "ఫేయ్ గారికి ఆవిడ పేరే పెట్టామన్నారు కదండీ. మీలో పోయినవాళ్ళ పేర్లే పెడతారని మీరే చెప్పారు."

వెనక నవ్వు ఆగింది. ఫోన్ చెవికి దూరమైన చప్పుడు, మళ్ళీ దగ్గరైన చప్పుడు.

"నువ్వు నర్సువా, పోలీసువా?" అంది పెర్ల్ గారు. ఫోన్ కట్ చేసింది.

ఆదివారం గురించి రాయడానికి ఏమీ లేదు. డైరీలో కూడా ఆ పేజీ ఖాళీ. ఒకటే ఆలోచన: మంగళవారం లోపల ఏదో ఒకటి జరగాలి. షారన్‌కి నేను ఫోన్ చేయడానికి వీల్లేదు. ఆవిడ మా స్టడీలో లేదు. తల్లి సంగతి కూతురికి చెప్పే హక్కు నాకు లేదు. తెలిసినదాన్ని మనసులో పెట్టుకుని కూర్చోవడమే ఆరోజు నా పని. ఈ వృత్తిలో అంతకంటే కష్టమైన పని ఇంకొకటి నాకు కనబడలేదు.

సోమవారం ఎనిమిదింటికి గది తాళం తీయబోతే పెర్ల్ గారు అప్పటికే కారిడార్‌లో నిలబడి ఉంది. కోటు మీద మంచు ఇంకా కరగలేదు. చేతిలో బిస్కెట్ల డబ్బా లేదు. లోపలికి వచ్చి కూర్చుని, చేతిసంచి తెరిచి ఒక ఫోటో టేబుల్ మీద పెట్టింది. లేక్ మీద ఫెర్రీ రెయిలింగ్ పట్టుకుని ఇద్దరు అమ్మాయిలు. గాలికి టోపీ ఎగిరిపోకుండా ఒకమ్మాయి నెత్తి మీద చేయి పెట్టుకుని పెద్దగా నవ్వుతోంది.

"కార్ఖానా వాళ్ళ పిక్నిక్. ఈ టోపీ పిల్ల ఫెయిగా. కుట్టు మెషీన్ మీద దాన్ని మించినవాళ్ళు స్పడైనాలో లేరనేవాళ్ళు. ఈ ఫోటో మాత్రం ఆ గోడకు ఇవ్వలేదు. ఇస్తే కింద చీటీ రాయాలి కదా."

నేను కుర్చీ దగ్గరకు లాక్కున్నాను.

"నాకు నాలుగేళ్ళు. వెనక గదిలో పడుకుని ఉండేది. పిన్నికి ఏమైందంటే, అలిసిపోయింది అనేవాళ్ళు. నారింజపండు ఒలిచి ఆ గదిలో పెట్టేవాళ్ళు, గదిలోని వాసన పోవడానికి. ఎక్కడ వచ్చిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత మా అమ్మ చేత్తో చూపించింది." పెర్ల్ గారు తన ఎడమ రొమ్ము మీద చేయి పెట్టుకుంది. "ఆ మాట నోటితో అనలేదు. అంటే తలుపు తీసి లోపలికి పిలిచినట్టే మా ఇంట్లో. ఇప్పటికీ నా నాలుక తిరగదు."

"ఎన్నేళ్ళండీ అప్పుడు?"

"ముప్పై ఒకటి."

"మరి ఎనభై అని ఎందుకు చెప్పారు?" పెద్దవాళ్ళను ఎదురు ప్రశ్న అడగడం బహుశా నా జీవితంలో అదే మొదలు.

ఆవిడ ఫోటోను తనవైపు తిప్పుకుంది. "నువ్వు పెన్ను పట్టుకుని కూర్చున్నావ్. నన్ను అలా ఎవరూ అడగలేదు, ఫెయిగా ఎన్నేళ్ళు బతికింది అని. ఒక్క కాగితం మీదైనా బతకనిద్దాం అనిపించింది. ఎనభై ఏళ్ళు. ఏం పోయింది, అనుకున్నా."

"షారన్ గారి ఎంఆర్ఐ..."

"కేన్సిల్ చేయలేదు. నిన్న రాత్రి దాన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఏడ్చింది, నన్ను తిట్టింది, పేరు పెట్టే తిట్టింది. రేపు నేనూ వెళ్తున్నా దానితో. మెషీన్ బయట కూర్చుని అరుస్తూ ఉండమంది, వినబడేలా." కళ్ళు తుడుచుకుని, "నిన్ను పోలీసు అన్నందుకు ఏమీ అనుకోకు. మా నాన్నకు పోలీసులంటే పడేది కాదు" అంది.

ఆ తర్వాత పెర్ల్ గారి శాంపిల్‌కు ఫుల్ ప్యానెల్ చేయించాం. ఏం వచ్చిందో ఇక్కడ రాయకూడదు, రాయను. షారన్ ఆ మంగళవారం మెషీన్‌లోకి వెళ్ళింది. అక్కడ కనబడిన గడ్డను, చిన్నగా ఉన్నప్పుడే తీసేశారు. ఆ మాట నేను రాయొచ్చని పెర్ల్ గారే ఒప్పుకుంది. "రాసుకో" అంది, ఈసారి నవ్వుతూ.

అప్పటినుంచి నా పని తీరు కొంచెం మారింది. ఫారం తీయకముందే, 'మీకు ఎవరి పేరు పెట్టారు' అని అడుగుతాను. తెలుగువాళ్ళు వచ్చినా అడుగుతాను. అడగడానికి సిగ్గు ఇంకా పోలేదు. పార్టిసిపెంట్ల సంగతులు డైరీలో రాయడం మానేశాను. చెవిలో ఏదైనా గుచ్చుకుంటే అక్కడే, ఆ క్షణమే మళ్ళీ అడుగుతాను. ఎవరైనా జవాబు చెప్పకుండా కిటికీవైపు చూస్తే పెన్ను కింద పెట్టి ఆగుతాను. ఫారం అడిగే ప్రశ్నలు ఫారానివే కావచ్చు, వినాల్సిన పని మాత్రం నాది.

ఆ సోమవారం పెర్ల్ గారి ఎదురుగానే పెడిగ్రీ తీశాను. మా పనిలో రాసినదాన్ని తుడవకూడదు, కొట్టేసినట్టు నల్లగా పూయకూడదు. మొదట ఏం రాశామో తర్వాత ఎవరు చూసినా కనబడాలి. ఒకే ఒక్క సన్నని గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. ఎనభై మీద గీత గీశాను. పక్కన ముప్పై ఒకటి రాశాను. పెర్ల్ గారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీదకు వంగింది.

"ఇంకా కనబడుతోంది" అంది.

"అవునండీ. కనబడాలి."

ఆవిడ ఫోటో తీసి సంచిలో పెట్టుకుంది. పోతూ పోతూ కారిడార్‌లో ఆ గోడ దగ్గర ఆగి, జేబులోంచి ఖాళీ చీటీ ఒకటి తీసి, నా పెన్ను అడిగింది.